ఆ గుర్రం చివరి చిరునామా ఎక్కడ?

దేశంలోని టర్ఫ్ క్లబ్బుల స్టివార్డులకు, స్టడ్ బుక్ నిర్వాహకులకు, స్టడ్ ఫారాల యజమానులకు, పందెపు గుర్రాల సొంతదారులకు,

నమస్కారం.

నేను పశువైద్యుడిని. ముప్పై ఏళ్లకు పైగా పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పనిచేసి పదవీ విరమణ చేశాను. నా దగ్గరకు వచ్చినవి ఎక్కువగా గేదెలు, ఎద్దులు, మేకలే. అయినా బాల్యం హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సుకు కూతవేటు దూరంలో గడిచింది కాబట్టి గుర్రం మీద మమకారం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. మా పక్క వాటాలో ఒక సైసు కుటుంబం ఉండేది. ఆయన పని ముగించుకుని ఇంటికి వస్తే చొక్కా నుంచి గడ్డి, చెమట, జీను తోలు కలిసిన వాసన వచ్చేది. తన గుర్రం గెలిచిన రోజు వీధిలో పిల్లలందరికీ మిఠాయి పంచేవాడు. ఓడిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. ఒకనాడు ఆ గుర్రం లాయంలో లేదు. ఏమైందని అడిగితే "అమ్మేశారు బాబూ" అన్నాడు. ఎవరికి అన్నాను. ఆయనకు తెలియదు. మూడేళ్లు దాని ఒళ్లు తోమి, దాని కాళ్లకు పట్టీలు కట్టి, దాని పక్కనే గోనెపట్ట పరుచుకుని పడుకున్న మనిషికి అది ఏ ఊరు వెళ్లిందో ఎవరూ చెప్పలేదు.

మిమ్మల్ని అడగబోయేది కూడా అదే. పరుగు మానిన ప్రతి గుర్రం ఎక్కడ ఉందో, ఎవరి దగ్గర ఉందో, అది కన్నుమూసే వరకూ మీ పుస్తకాల్లో రాసి ఉంచండి. ఇంత చిన్న కోరికకు ఇంత పెద్ద ఉత్తరం ఎందుకంటే, ఆ ఒక్క వరుస రాసి లేకపోవడం వల్ల ప్రపంచంలోకెల్లా పేరున్న పందెం గెలిచిన గుర్రానికి ఏ గతి పట్టిందో చెప్పాలి. మీలో చాలామందికి ఆ పేరు తెలుసు. తెలియని తెలుగు పాఠకుల కోసం మొదటి నుంచి చెబుతాను.

దాని పేరు ఫెర్డినాండ్. 1983 మార్చి 12న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ప్యారిస్ అనే చిన్న పట్టణం దగ్గరి క్లెయిబర్న్ ఫారంలో పుట్టింది. తండ్రి నిజిన్‌స్కీ. 1970లో ఇంగ్లండులో ట్రిపుల్ క్రౌన్, అంటే మూడేళ్ల గుర్రాలకు పెట్టే మూడు పెద్ద పందేలు, గెలిచిన గుర్రం అది. ఆ మూడు పందేలనూ ఒకే ఏడాది గెలిచిన మగ గుర్రం ఆ దేశంలో ఆ తర్వాత మరొకటి రాలేదు. తల్లి బాంజా లూకా. ఇంత గొప్ప వంశంలో పుట్టిన ఎర్ర గోధుమరంగు పిల్లను హోవర్డ్ కెక్ పెంచారు. ఆయన భార్య ఎలిజబెత్ కెక్ పేరు మీద అది పరుగెత్తింది. శిక్షణ ఇచ్చింది చార్లీ విటింగ్‌హామ్. 1960లో ఒక గుర్రాన్ని కెంటకీ డెర్బీకి, అంటే నేను పైన చెప్పిన ఆ పేరున్న పందేనికి, తీసుకువెళ్లి ఓడిపోయాక, గెలవగల గుర్రం దొరికితే తప్ప మళ్లీ ఆ గడప తొక్కనని కూర్చున్న మనిషి. ఇరవై ఆరేళ్లు కూర్చున్నాడు. డెబ్బై మూడేళ్ల వయసులో ఫెర్డినాండ్‌తో వెళ్లాడు.

జాకీ బిల్ షూమేకర్‌కు అప్పటికి యాభై నాలుగేళ్లు. ఆ వయసు జాకీలు చాలామంది జీను దింపేసి ఇంటి పట్టున ఉంటారు. 1986 మే 3న లూయీవిల్ నగరంలోని చర్చిల్ డౌన్స్‌లో పదహారు గుర్రాలు బరిలో దిగాయి. ఫెర్డినాండ్‌కు కంచె పక్కన ఒకటో నంబరు గేటు వచ్చింది. అంతమంది పరుగెత్తే పందెంలో ఆ గేటు వరం కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. బయటి గుర్రాలన్నీ లోపలికి వచ్చిపడతాయి. అదే జరిగింది. గేటు తెరుచుకోగానే పక్క గుర్రాలు ఒత్తేశాయి, మొదటి మలుపు వచ్చేసరికి ఫెర్డినాండ్ అందరికంటే వెనకబడింది. దాని మీద పందెం కాసిన వాళ్లే తక్కువ, ఒకటికి పదిహేడు ధర. షూమేకర్ తొందరపడలేదు. అవతలి వైపు ఒక్కొక్క గుర్రాన్నే దాటించుకుంటూ వచ్చాడు. చివరి మలుపు తిరిగి నేరు దారిలోకి వచ్చాక ముందు వరుసలో గుర్రాలు గోడ కట్టినట్టు పరుగెత్తుతున్నాయి. వాటి మధ్య ఒక్క గుర్రం పట్టేంత సందు కనిపించింది. ఆ సందులోంచి లోపలికి, కంచె వైపుకు దూసుకుపోయాడు. రెండుంబావు లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో గెలుపు. డెర్బీ గెలిచిన జాకీలలో అందరికంటే పెద్ద వయసు వాడుగా షూమేకర్ పేరు ఇప్పటికీ నిలిచే ఉంది.

ఆ పరుగును నేను వీడియోలో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ ఆ సందు దగ్గర ఊపిరి బిగబడుతుంది. ఐదు క్వింటాళ్ల గుర్రం, గంటకు అరవై కిలోమీటర్ల వేగం, ముందరి కాలు నేలను తాకిన క్షణాన ఆ ఒక్క కాలి మీద దాని ఒంటి బరువుకు రెండింతలకు పైగా భారం. ఆ స్థితిలో మనిషి "ఇటు" అంటే ఎందుకని అడగకుండా ఇటు తిరిగింది. దానికి డెర్బీ అంటే ఏమిటో తెలియదు, డాలరు అంటే ఏమిటో తెలియదు. వీపు మీద ఉన్నవాడిని నమ్మింది.

ఆ ఏడాది అమెరికా ట్రిపుల్ క్రౌన్‌లోని మిగతా రెండు పందేల్లో, ప్రీక్‌నెస్‌లో రెండో స్థానం, బెల్మాంట్‌లో మూడో స్థానం. 1987లో హాలీవుడ్ గోల్డ్ కప్ గెలిచింది. ఆ నవంబరు 21న హాలీవుడ్ పార్కులో బ్రీడర్స్ కప్ క్లాసిక్. ఒకపక్క 1986 డెర్బీ విజేత ఫెర్డినాండ్, మరోపక్క 1987 డెర్బీ విజేత అలిషెబా. ఫెర్డినాండ్‌కు ఒక అలవాటు ఉండేది. అందరినీ దాటి ముందుకు వచ్చాక ఇక పని అయిపోయిందనుకుని నెమ్మదించేది. అందుకే షూమేకర్ ఆఖరి ఫర్లాంగు దాకా దాన్ని ఆపి ఉంచాడు. అది ముందుకు రాగానే బయటి వైపు నుంచి అలిషెబా విరుచుకుపడింది. రెండూ కలిసి గీత దాటాయి. ముక్కు తేడాతో ఫెర్డినాండ్ గెలిచింది. ఆ ఏటి మేటి గుర్రం బిరుదు దానికే దక్కింది.

మొత్తం ఇరవై తొమ్మిది పరుగులు. ఎనిమిది గెలుపులు, తొమ్మిదిసార్లు రెండో స్థానం, ఆరుసార్లు మూడో స్థానం. సంపాదన 37,77,978 డాలర్లు. సెంటు కూడా దాని కోసం దాచినట్టు ఎక్కడా కనిపించదు.

1989లో అది తాను పుట్టిన ఫారానికే స్టాలియన్‌గా, అంటే పిల్లల కోసం జతకట్టించే మగ గుర్రంగా, తిరిగి వెళ్లింది. మొదట్లో ఒక్కో జతకు 30,000 డాలర్లు తీసుకున్నారు. పుట్టిన పిల్లలు తండ్రి అంత ఎదగలేదు. 1994లో జపాన్‌కు అమ్మేశారు. హొక్కైడో దీవిలోని యారో స్టడ్ అనే ఫారానికి చేరింది. అక్కడ 1995లో డెబ్బై ఏడు ఆడగుర్రాలను దాని దగ్గరకు తెచ్చారు. 2000 సంవత్సరానికి ఆ సంఖ్య పదికి పడిపోయింది. ఏరు దాటే దాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య. 2001 ఫిబ్రవరిలో దాన్ని ఒక గుర్రాల వ్యాపారికి అప్పగించారు.

అక్కడి నుంచి చీకటి. 2003లో అమెరికా గుర్రపు పందేల పత్రిక బ్లడ్‌హార్స్ తరఫున బార్బరా బేయర్ అనే విలేఖరి దాని కోసం వెతకడం మొదలుపెట్టారు. వ్యాపారి మొదట ఒక స్నేహితుడికి ఇచ్చేశానన్నాడు. ఆ స్నేహితుడు ఎవరని అడిగితే మాట మార్చి, ఇప్పుడు అది లేదు, వదిలించుకున్నామన్నాడు. పందెపు గుర్రాల లోకంలో ఆ మాటకు ఒకటే అర్థం. 2002లో, పంతొమ్మిదేళ్ల వయసులో, డెర్బీ విజేత ఫెర్డినాండ్ కబేళాలో ప్రాణం విడిచిందని 2003 జూలైలో లోకానికి తెలిసింది. జపాన్ రికార్డుల్లో దాని గురించి మిగిలింది 2002 సెప్టెంబరులో రిజిస్ట్రేషన్ రద్దు అన్న వరుస ఒక్కటే. ఎక్కడ, ఏ రోజు, ఎవరి చేతిలో అన్నది లేదు.

హొక్కైడోలో దాన్ని చూసుకున్న మనిషి ఆ విలేఖరికి చెప్పిన సంగతి ఒకటి ఉంది. అంత సాధువైన గుర్రాన్ని అతను చూడలేదట. పచ్చికలో ఉండగా పిలిస్తే వచ్చేదట. వచ్చి తలను అతని ఒంటికి ఆనించి నిలబడేదట. ఇది చదివినప్పుడు నాకు మలక్‌పేట సైసు గుర్తుకు వచ్చాడు. పిలిస్తే వచ్చే గుర్రం ఎవరు పిలిచినా వస్తుంది. ఆ ఆఖరి రోజున పిలిచినవాడి దగ్గరకూ అలాగే వచ్చి ఉంటుంది.

ఇదంతా చదివి జపాన్‌ను ఆడిపోసుకోవడం తేలిక. ఆ పని నేను చేయను. అదే 2002లో అమెరికా సొంత గడ్డ మీద టెక్సస్‌లో గుర్రపు కబేళాలు నడుస్తూనే ఉన్నాయి. వేలకు వేల గుర్రాలు వాటి గుండా వెళ్లాయి. అక్కడి చివరి కబేళాలు మూతపడింది 2007లో. పైగా అదే హొక్కైడోలో మరో అమెరికా గుర్రాన్ని నెత్తిన పెట్టుకున్నారు. దాని పేరు సండే సైలెన్స్. 1989లో కెంటకీ డెర్బీ, ఆ ఏడే బ్రీడర్స్ కప్ క్లాసిక్, ఏటి మేటి గుర్రం బిరుదు. ఫెర్డినాండ్ గెలిచినవే గెలిచింది. దానికీ శిక్షకుడు విటింగ్‌హామే. అమెరికాలో దాని వంశం నచ్చక గుర్రపు పెంపకందార్లు ముఖం తిప్పుకుంటే జపాన్‌లోని యోషిదా కుటుంబం కొన్నది. 1995 నుంచి వరుసగా పదమూడేళ్లు, అది పోయాక కూడా, పిల్లల గెలుపుల లెక్కన ఆ దేశంలో అగ్రశ్రేణి తండ్రి గుర్రంగా నిలిచింది. 2002లో దాని కాళ్లకు జబ్బు చేస్తే వారాల తరబడి వైద్యులు పోరాడారు. ఆ ఆగస్టులో చనిపోయాక సమాధి కట్టారు. ఇప్పటికీ దాని ముందు పువ్వులు పెడతారు.

ఒకే శిక్షకుడి చేతిలో పెరిగిన రెండు గుర్రాలు. ఒకే దీవి. ఒకే సంవత్సరం. ఒకదాని పిల్లలు గెలిచాయి, రెండోదాని పిల్లలు గెలవలేదు. రెండు చావుల మధ్య తేడా అంతే.

విటింగ్‌హామ్ చేతి గుర్రాల్లోనే ఎక్సెల్లర్ అని ఇంకొకటి ఉండేది. 1978 జాకీ క్లబ్ గోల్డ్ కప్‌లో సియాటిల్ స్లూ, అఫర్మ్‌డ్ అనే ఇద్దరు ట్రిపుల్ క్రౌన్ విజేతలు బరిలో ఉండగా, వాళ్లిద్దరినీ వెనక్కు నెట్టి గెలిచింది. ఆ రోజూ జీను మీద ఉన్నది షూమేకరే. ఆ గుర్రం 1997లో స్వీడన్‌లో కబేళాకు వెళ్లింది. అంటే ఫెర్డినాండ్‌కు ఐదేళ్ల ముందే గంట మోగింది. అప్పుడు కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు, ఒక సహాయ నిధి పెట్టారు. ఫెర్డినాండ్‌ను కాపాడగల కాగితం మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ కాగితం ఎంత బలమైనదో చూడండి. 1997 డెర్బీ విజేత సిల్వర్ చార్మ్‌ను కూడా తర్వాత జపాన్‌కు పంపారు. దాని సొంతదారులైన లూయిస్ దంపతులు, పని అయిపోయాక గుర్రం తిరిగి రావాలని ముందే షరతు పెట్టారు. 2014 డిసెంబరులో ఇరవై ఏళ్ల వయసులో అది విమానంలో కెంటకీకి తిరిగి వచ్చింది. జార్జ్‌టౌన్ దగ్గర ఓల్డ్ ఫ్రెండ్స్ అనే ఫారంలో దిగింది. బోస్టన్ గ్లోబ్ పత్రికలో సినిమా విమర్శకుడిగా పనిచేసిన మైకేల్ బ్లోవెన్ ముసలి పందెపు గుర్రాల కోసం ఆ ఫారం పెట్టారు. ఒక్క షరతు, ఒక్క వాక్యం. ఫెర్డినాండ్ ఒప్పందంలో ఆ వాక్యం లేదు.

ముక్కు తేడాతో ఓడిపోయిన అలిషెబా సంగతి కూడా చెప్పాలి. అది ఆ తర్వాత సౌదీ అరేబియాకు వెళ్లింది. 2008లో అక్కడి రాజు అబ్దుల్లా దాన్ని కానుకగా కెంటకీకి తిప్పి పంపారు. లెక్సింగ్టన్‌లోని హార్స్ పార్కులో జనం వచ్చి దాన్ని చూశారు, నుదురు నిమిరారు. 2009 మార్చిలో కన్నుమూసింది. అక్కడే పూడ్చారు. ఆ రోజు హాలీవుడ్ పార్కులో ఓడిన గుర్రానికి సమాధి ఉంది. గెలిచిన గుర్రానికి లేదు.

ఫెర్డినాండ్ వార్త బయటికి వచ్చాక అమెరికాలో సిగ్గుపడ్డారు, దానితోపాటు పనీ చేశారు. స్టాలియన్లను విదేశాలకు అమ్మేటప్పుడు తిరిగి కొనుక్కునే హక్కు మాకే ఉండాలని రాసుకోవడం చాలామంది మొదలుపెట్టారు. న్యూయార్క్ సొంతదారులు, పెంపకందార్లు కలిసి పరుగు పరుగుకూ స్వచ్ఛందంగా కొంత చెల్లించే ఏర్పాటు చేసి దానికి ఫెర్డినాండ్ రుసుము అని పేరు పెట్టారు. 2012లో థరోబ్రెడ్ (పందెపు జాతి గుర్రం) ఆఫ్టర్‌కేర్ అలయన్స్ ఏర్పడింది. రిటైరైన గుర్రాలను చూసే సంస్థలను పరిశీలించి గుర్తింపు, డబ్బు ఇస్తుంది. 2017 నుంచి అక్కడ పుట్టిన థరోబ్రెడ్ పిల్లకు మైక్రోచిప్ లేకపోతే రిజిస్ట్రేషనే లేదు. బ్రిటన్‌లో 2000 సంవత్సరం నుంచే పందెపు గుర్రాలకు కొత్త పని నేర్పే సంస్థ పరిశ్రమ పక్షాన నడుస్తోంది.

ఇప్పుడు మన ఇంటి సంగతి.

పదవిలో ఉన్న ఆఖరి సంవత్సరాల్లో ఒక మాఘమాసం రాత్రి, పెళ్లిళ్ల రోజుల్లో, ఫోను వచ్చింది. బారాత్ గుర్రం నిలబడలేకపోతోందట, వెంటనే రావాలట. వెళ్లాను. ఫంక్షన్ హాలు వెనక ట్యూబులైటు కింద ఒక ఆడగుర్రం. వీపు మీద జరీ గుడ్డ, మెడలో ప్లాస్టిక్ పూల దండ, కాళ్లకు గజ్జెలు. కుడి ముందరి కాలు నేలకు ఆనించడం లేదు. డెక్క పట్టుకుంటే వేడిగా ఉంది. లోపల చీము పట్టింది. కోసి చీము తీసి, కట్టు కట్టి, సూది వేశాను. ఆ పని చేస్తున్నప్పుడే గమనించాను. సన్నటి చర్మం కింద తీగల్లా నరాలు, లోతైన ఛాతీ, పొడవాటి సన్నటి కాలి ఎముక. మోకాలి కింద స్నాయువు ఉబ్బి విల్లులా వంగిన పాత గాయం. అది పందెపు ట్రాక్ మీద అయ్యే గాయం. నోరు తెరిచి చూశాను. పై దవడ మూల పల్లు మీద ఉండే గాడి సగం దాకా దిగింది. ఆ గాడి పదేళ్లకు చిగురు దగ్గర మొదలై ఇరవై ఏళ్లకు పంటి చివరి దాకా దిగుతుంది. అంటే పదిహేను దాటుతోంది.

ఇంతలో హాలు ముందు ఎవరో ఇనుప షట్టరు ఎత్తారు. ధడేల్‌మని చప్పుడు. ఆ కుంటి గుర్రం చెవులు నిటారుగా లేచాయి. ఒంటి బరువంతా వెనక కాళ్ల మీదకు తీసుకుంది. గేటు తెరుచుకున్నప్పుడు దూకడానికి సిద్ధపడే భంగిమ అది. పుండు పడిన కాలితో, గజ్జెలతో, దండతో. నేను దాని మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. నా చేతి కింద దాని ఒళ్లు వణికింది.

పేరేమిటని దాని యజమానిని అడిగాను. ఏదో ఇంగ్లీషు పేరు ఉండేదట, అతనికి తెలియదు. అతను దుర్మార్గుడు కాడు. మందుల డబ్బు బేరం ఆడకుండా ఇచ్చాడు, రాత్రంతా దాని పక్కనే కూర్చున్నాడు. అతను కొన్నది సంతలో. అమ్మినవాడు ఇంకొకరి దగ్గర కొన్నాడు. ఒక్క కాగితం లేదు. మెడలో చిప్ ఉండి ఉంటుందని నాకు అనిపించింది. చదివే యంత్రం మా ఆసుపత్రిలో లేదు. తెలిసినవారి దగ్గర అరువు అడిగి తెప్పించుకుని పది రోజుల తర్వాత వెళితే, కాలు నయం కాగానే అమ్మేశానన్నాడు. ఎవరికి? తెలియదు. చిన్నప్పుడు విన్న జవాబే.

పందెపు గుర్రాన్ని ట్రాక్ నుంచి నేరుగా బజారులోకి దింపడం ఎంత ప్రమాదమో మీకు తెలుసు, బయటివారికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. దాని ఒళ్లు దాణా బలంతో పొంగుతూ ఉంటుంది. దాన్ని నెమ్మదిగా గడ్డి మీదకు దించడానికే నెలలు పడుతుంది. కళ్లెం బిగిస్తే ఆ బిగువు మీద ఆనుకుని ఇంకా వేగంగా పరుగెత్తడం దానికి అలవాటైన విద్య. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మోతకు అది బెదిరినప్పుడు పట్టుకున్నవాడు కళ్లెం లాగుతాడు. అది ముందుకు దూకుతుంది. పొగరు అనుకుని కొడతారు. మనం నేర్పిన చదువుకే దానికి దెబ్బలు.

పుణెలో ఉన్న మన స్టడ్ బుక్ సంగతి నాకు తెలుసు. పుట్టిన ప్రతి థరోబ్రెడ్ పిల్లకు తండ్రి ఎవరు, తల్లి ఎవరు, పుట్టిన తేదీ, రంగు, మచ్చలు, సుడులు, అన్నీ అందులో ఉంటాయి. మన పెద్దలు గుర్రం సుడులు చూసి అదృష్టం చెప్పేవారు. మీరు అవే సుడులను గుర్రానికి వేలిముద్రలుగా నమోదు చేస్తారు. మూడు వందల ఏళ్ల వెనక ఇంగ్లండు చేరిన మూడు మగ గుర్రాల దాకా వంశవృక్షం వెనక్కు చదవగల వ్యవస్థ మీది. అంత వెనక్కు చూడగలిగిన కళ్లు ముందుకు పదేళ్లు చూడలేవా? పుట్టుకను అంత భక్తిగా రాసే పుస్తకంలో చావుకు కూడా ఒక వరుస ఇవ్వండి. గుర్రం చేయి మారిన ప్రతిసారీ కొత్త యజమాని పేరు, ఊరు నమోదు కావాలి. చనిపోతే ఎక్కడ, ఏ కారణంతో అన్నది రావాలి. ఏడాదికి ఒకసారి ఎవరైనా వెళ్లి ఆ చిప్ చదివి రావాలి. జాడ తెలియని గుర్రాల పేర్లు మీ రేసు కార్డులు అచ్చు వేసే చోటే అచ్చు వేయండి. ఆ జాబితా చదవడం మీకు కష్టంగా ఉంటుంది, ఉండాలి కూడా.

సొంతదారులకు ఒక మాట. గుర్రాన్ని అమ్మేటప్పుడు ఆ లూయిస్ దంపతుల వాక్యం మీరూ రాయించుకోండి. ఇంకొకరికి అమ్మే ముందు, వదిలేసే ముందు నాకు చెప్పాలి, తిరిగి తీసుకునే హక్కు నాది అని. విన్నింగ్ పోస్టు దగ్గర గుర్రం పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో మీ ముందు గదిలో ఉంటుంది కదా. ఆ ఫొటోలో ఉన్న గుర్రం ఈ రోజు ఏమి తిన్నదో తెలుసుకోవడం మీ బాధ్యత.

ఖర్చు సంగతి మీరు అంటారని తెలుసు. గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదని మన సామెతే ఉంది. ట్రాక్ మీద ఐదారేళ్లు పరుగెత్తిన గుర్రం ఇరవై అయిదేళ్ల దాకా బతకగలదు. అన్ని ఏళ్లు ఎవరు మేపుతారు? 2017లో బెట్టింగుపై 28 శాతం జీఎస్టీ పడినప్పటి నుంచి క్లబ్బుల రాబడి తగ్గిందని చెబుతున్నారు. నిజమే కావచ్చు. సొంతదారులందరూ కోటీశ్వరులు కారు, నలుగురు కలిసి ఒక గుర్రాన్ని కొనుక్కున్న వాళ్లూ ఉన్నారు. అయితే నేను అడుగుతున్నది ప్రతి గుర్రానికీ పచ్చిక బయలు, పాలరాతి లాయం కాదు. మంచి యజమాని దగ్గర పెళ్లి గుర్రంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. పోలీసు దళంలో, స్వారీ పాఠశాలలో, మనసు కుదురుగా లేని పిల్లలకు స్వారీతో చికిత్స చేసే చోట, ఎక్కడైనా సరే. ఆ చోటు తెలియాలి. అక్కడికి వెళ్లే ముందు కొత్త పని నేర్పాలి. అందుకు కావలసిన డబ్బు గేటులోంచి గుర్రం బయటికి దూకిన ప్రతిసారీ కొద్దికొద్దిగా పక్కన పెట్టండి. తన పింఛను తానే సంపాదించుకోగల ఉద్యోగి ఎవరైనా ఉంటే అది పందెపు గుర్రమే. మనం దాచి ఇవ్వాలి, అంతే.

కోలుకోలేని గుర్రాన్ని నొప్పి లేకుండా సాగనంపడం తప్పు కాదు. వైద్యుడిగా ఆ పని నేను చేశాను, ఇంకా అవసరమైతే చేస్తాను. తల ఒళ్లో పెట్టుకుని, చెవి దగ్గర మాట్లాడుతూ, సూది వేసి. ఆ చావుకు ఒక తేదీ ఉంటుంది, ఒక సాక్షి ఉంటాడు. ఫెర్డినాండ్‌కు దక్కనిది అది.

చివరగా ఒక విన్నపం. మీ పుస్తకాలు తెరిచి ఒక గుర్రాన్ని వెతికి పెట్టండి. ఆడగుర్రం, ముదురు గోధుమరంగు, జూలు, తోక నలుపు. నేను చూసిన రోజుకు వయసు పదిహేను ప్రాంతం. నుదుటి మీద తెల్లటి చుక్క, కింది కొస కుడి కన్ను వైపు కాస్త వంగి ఉంటుంది. ఎడమ వెనక కాలికి గిట్ట పై కీలు దాకా తెలుపు. మెడకు ఎడమ పక్క, చెవి కింద జానెడు దూరంలో సుడి. కుడి ముందరి కాలి స్నాయువుకు పాత గాయం. ఇనుప తలుపు చప్పుడైతే చెవులు నిక్కబొడుస్తుంది.

దాని పేరేమిటో నాకు చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు
హైదరాబాదు